రెండో బోణి

"ఈ గుంత సూడు మా. ఆ పిల్ల ప్రాణం పోయింది దీంట్లోనే."

సీఐ దొరస్వామి ట్యాబ్‌ను కోమలి ముఖం ముందు పెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పొద్దున ఆరుకు లేచి, మెట్లెక్కినట్టు ఎక్కి, ఆరూ నలభైకి నిట్టనిలువునా కింద పడింది. ఏడూ పది దాకా నేలబారుగా పాకి మళ్లీ లేచింది.

మూలకోన డెయిరీ వారి పూతలపట్టు చిల్లింగ్ సెంటర్‌లో నిన్న పొద్దున కాటా ఎక్కిన పాల క్యాన్ల గ్రాఫ్ అది. తిరుపతి హెడ్డాఫీసులో యజమాని గది గోడ మీద పెద్ద టీవీలో రోజంతా ఇదే ఆడుతూ ఉంటుంది. సర్వర్లు, ప్రోగ్రాముల సంగతి ఆయనకు అక్కర్లేదు. ఏ సెంటర్‌లో ఎన్ని క్యాన్లు తీసుకున్నారు, టెస్టులో చెడినవని తేలి ఎన్ని వెనక్కి పోయాయి, అదే కావాలి. ఆ లెక్కలను తెర మీదికి తెచ్చిన ఇంజనీరు హేమశ్రీ. ఇరవై ఏడేళ్లు. నిన్న పొద్దున తొమ్మిది దాటాక, ఈ సెంటర్ వెనక ఉన్న ఐసు నీళ్ల తొట్టి మూత ఎత్తిన మెకానిక్‌కు ఆమె శవం కనిపించింది.

తల వెనక దెబ్బ ఉంది. గడ్డకట్టబోయే నీళ్లలో నానిన ఒంటిని చూసి, ప్రాణం ఎప్పుడు పోయిందో చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు. దాంతో దొరస్వామి ఆ సమయాన్ని ఈ గీతలో వెతుక్కున్నాడు.

"క్యాన్లు తెచ్చే ఆటోలోళ్లు దించేసి పోతారు. కాటా కాడ ఉండేది మునికుమార్ ఒక్కడే. ఆ అరగంట వాడు ఒక్క క్యానూ ఎక్కించలే. మరి యాడికి పోయినట్టు?" దొరస్వామి ట్యాబ్ మూశాడు. "సాయంత్రం చిత్తూరు కోర్టులో పెడతాండాము. నువ్వు సైబర్ సెల్ ఒదిలేసింది ఇట్లా పాల లెక్కలు సూసేదానికా?"

"మీరు పాల లెక్క చూసి మనిషిని లోపలేసినారు గదా సార్. అందుకే రావాల్సి వచ్చింది," అంది కోమలి.

ఆమెను పిలిపించింది గేటు దగ్గర కూర్చున్న సిద్ధమ్మ. మునికుమార్ తల్లి. ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, లోపలికి వెళ్లే ప్రతి పోలీసునూ ఒకటే అడుగుతోంది. "నిన్నట్నించి వాడు గొంతులో నీళ్లు గూడా పోసుకోలేదంట నాయనా. ఒక్క ముద్ద పెట్టి వచ్చేస్తాను." అందరూ ఆమెను దాటుకుని పోతున్నారు.

సెంటర్ అంటే రేకుల షెడ్డు. ముందు కాటా, దాని పక్కన కంప్యూటర్, గోడకు కొత్త స్విచ్చు బోర్డు. వెనక గోడ అవతల ఐసు నీళ్ల తొట్టి. అందులో నీళ్లను తిప్పే ఫ్యాను గుర్రుమంటున్న శబ్దం ఒక్క క్షణం కూడా ఆగకుండా వినిపిస్తోంది.

కాటా దగ్గర చేతికి బేడీతో మునికుమార్ నిలబడి ఉన్నాడు. పక్కనే తెల్ల చొక్కాలో డెయిరీ మేనేజర్ బాలసుబ్రమణ్యం. గ్రాఫ్‌లో గుంత ఉందని పోలీసులకు మొదట చూపించింది ఆయనే.

"ఈ కాటా మీద పదహైదేళ్లు కూర్చున్నాను మేడం," అన్నాడు బాలసుబ్రమణ్యం కాటా అంచును తడుముతూ. "యాప్ పెట్టిన రోజు మొదటి ఎంట్రీ కొట్టింది గూడా నేనే. ఈ సెంటర్‌కు ఇట్లాంటి పేరు వస్తాదని కలలో గూడా అనుకోలే."

కోమలి తల ఊపి మునికుమార్ వైపు తిరిగింది.

"హేమశ్రీ నిన్న ఎందుకు వచ్చింది?"

"చెడిపోయిన పాలు యాడికి పోతాండాయో కళ్లతో సూడాలనింది మేడం. నేను టెస్టు చేసి వద్దని పక్కన పెట్టే క్యాన్లను సాయంత్రానికి ఎవురో మంచివని మార్చేస్తా ఉండారంట. పోయిన నెల పాకాల హాస్టల్లో పిలకాయిలు వాంతులు చేసుకుని ఆస్పత్రిలో పడింది ఆ పాలతోనే అని ఆయమ్మ అనుమానం."

"ఎప్పుడు చూశావు ఆఖరుగా?"

"ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, ఫోన్ మాట్లాడుకుంటా తొట్టి దిక్కు పోయింది. మళ్లీ కనపళ్లే. రోడ్డెక్కి బస్సు పట్టుకునిందేమో అనుకున్నాను."

"ఆ అరగంట నువ్వేం చేసినావు?"

"పాలు పట్టినాను మేడం. ఆగితే గదా చెప్పేదానికి. ఆటోలు వరసగా వస్తానే ఉన్నాయి. ఆ గీత అబద్ధం చెప్తా ఉండాది."

దొరస్వామి నవ్వాడు. "మిషన్లన్నీ అబద్ధాలు చెప్తాయి, నువ్వొక్కడివి సత్యహరిశ్చంద్రుడివి."

"ఇంకేమన్నా వినిపించిందా?" కోమలి సీఐని పట్టించుకోలేదు.

మునికుమార్ ఆలోచించాడు. "తొట్టి ఫ్యాను కొంచేపు ఆగింది. కరెంటు పోయిందనుకున్నా. కాటా లైటు ఎలుగుతానే ఉండాది. ఏందబ్బా అనుకునే లోపల మళ్లీ తిరిగింది."

"విన్నావా?" అన్నాడు దొరస్వామి. "ఫ్యాను తిరుగుతా ఉంటే శవాన్ని లోపల వెయ్యలేరు, రెక్కలకు తగులుకుంటాది. ఆపాల్సిందే. ఆపే స్విచ్చు యాడుండాది? ఇదిగో, వీడి మోచేతి పక్కన."

అది గట్టి మాటే. కోమలి స్విచ్చు బోర్డు వంక చూసింది. తర్వాత తన ఫోన్ తీసి సీఐ ముందు పెట్టింది.

"సార్, మీ గీతను యాప్ ఎట్ల గీస్తాదో తెలుసా? ఎంట్రీల షీటు ఉంటాది. దాన్ని చదివి, ఆ నిమిషంలో ఏముంటే అది గీస్తాది. షీటులో ఎంట్రీలు తీసేస్తే, గీతలో గుంత పడుతుంది. ఇది చూడండి. ఇది కూడా హేమశ్రీ చేసిందే. షీటును చదవదు. కొట్టిన ప్రతి ఎంట్రీనీ కొట్టిన క్షణంలోనే లెక్క వేసుకుంటుంది. ఆటో మీటరు లాంటిది. ముందుకు తిరగడమే తెలుసు, వెనక్కి తిరగడం తెలీదు."

ఫోన్ తెర మీద అదే సెంటర్, అదే పొద్దున. గీత ఆరు నుంచి ఎనిమిది దాకా తెగకుండా ఎక్కుతూనే ఉంది. గుంత లేదు.

దొరస్వామి మెడ ముందుకు చాచి చూశాడు. బాలసుబ్రమణ్యం కూడా చూశాడు.

"షీటు మారుతోందని ఆమెకు ముందే అనుమానం వచ్చింది. అందుకే ఈ మీటర్లను ఎవరికీ చెప్పకుండా పెట్టింది," అంది కోమలి. "మునికుమార్ ఆ అరగంట కాటా ఒదల్లేదు."

"ఒక తెర గుంత అంటాది, ఒక తెర లేదంటాది," దొరస్వామి గొంతు గట్టిపడింది. "కంపెనీ ముద్ర ఉండేది నా దాని మీద. నీ పేజీ యాడిది? కంపెనీ సర్వరు లోపలికి దొంగతనంగా దూరి తెచ్చినావా? నీ మీద ఇంకో కేసు కట్టాల్నా?"

"ఇది మా హెడ్డాఫీసు వాళ్లు ఇచ్చింది కాదు సార్," అన్నాడు బాలసుబ్రమణ్యం మెల్లగా. "ఎవురిచ్చినారో తెలిస్తే మేమే కనుక్కుంటాము."

"సెల్‌లో ఉన్నప్పుడు గూడా ఇదే బుద్ధి ఈయమ్మకు," దొరస్వామి కానిస్టేబుల్ వైపు తిరిగి అన్నాడు. "అడ్డదారి. అందుకే ఇంటికి పంపించినారు."

కోమలికి చెవులు వేడెక్కాయి. ఆమెను ఎవరూ పంపలేదు. తనే రాజీనామా చేసింది. ఆ సంగతి దొరస్వామికి తెలుసు.

"దొంగతనం కాదు సార్. పాకాల సెంటర్‌లో టెస్టులు చేసే అమల ఇచ్చింది. అక్కడ చెడిపోయిన క్యాన్ల లెక్క రోజూ సరి చూడమని హేమశ్రీయే ఆమెకు ఈ పేజీ ఇచ్చింది. కోర్టులో ఆమే చెప్తాది."

అన్నాక గాని, ఆ పేరు చెప్పాల్సిన అవసరం లేదని ఆమెకు తట్టలేదు.

బాలసుబ్రమణ్యం వాచీ చూసుకున్నాడు. "యజమాని చిత్తూరుకు రమ్మన్నాడు సార్. లాయర్లతో మాట్లాడాలంట. మీకేమన్నా కావాలంటే ఫోన్ చెయ్యండి." ఇద్దరికీ దండం పెట్టి కారెక్కాడు. అప్పుడు పన్నెండు కావస్తోంది.

దొరస్వామి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. షీటును ఎవురో మార్చినారనే అనుకుందాం. ఎవురు? అది చూపీ. ఫ్యాను ఎవురు ఆపినారు? అదీ చూపీ. అప్పటిదాకా వీడు నావోడే."

"తొట్టి చూడొచ్చా?"

"నిన్న నేను సూసినాను. నువ్వు గూడా సూడు, నీ ముచ్చట ఎందుకు కాదనాల."

మునికుమార్‌నూ తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లారు. సిమెంటు తొట్టి నడుమెత్తు ఉంది. ఇనుప మూతకు ఒక పక్క గొలుసు, పైన దూలానికి కప్పీ. బక్క మనిషి ఒక్కడే లాగినా లేస్తుంది. తొట్టి వెనక నుంచి ట్యాంకర్లు వచ్చే మట్టి దారి. ఆ దారిలో వచ్చిన కారు కాటా దగ్గరున్న వాళ్లకు కనిపించదు.

కోమలి మూత చుట్టూ తిరిగింది. నీళ్లను చూడలేదు. గోడను చూసింది. తొట్టికి బారెడు దూరంలో, పాత గోనె సంచి వేలాడుతున్న చోట ఆగింది. సంచిని కర్రతో పక్కకు జరిపింది.

గోడకు పాత ఇనుప స్టార్టర్ పెట్టె ఒకటి ఉంది. పెట్టె నిండా ఏళ్ల నాటి దుమ్ము, సాలెగూడు. చేతిపిడి మీద మాత్రం దుమ్ము లేదు. ఎవరో గుడ్డ పెట్టి తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది.

"మునికుమార్, ఇదేంది?"

"పాత స్టార్టర్ మేడం. పని చెయ్యదు. తాకొద్దు, షాకు కొడుతుందని నేను చేరినప్పుడే చెప్పినారు."

"ఎవరు?"

"మేనేజర్ సారే."

కోమలి చేతికి రబ్బరు తొడుగు వేసుకుంది. చేతిపిడి చివరను రెండు వేళ్లతో పట్టి కిందికి నొక్కింది.

గుర్రుమనే శబ్దం ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గేటు దగ్గర సిద్ధమ్మ ఎవరినో బతిమాలుతున్న గొంతు స్పష్టంగా వినిపించింది.  కోమలి పిడిని పైకెత్తింది. ఫ్యాను మళ్లీ తిరిగింది.

"కొత్త బోర్డు పెట్టినప్పుడు దీన్ని తెంపడం మరిచిపోయినారు సార్. ఇది పని చేస్తుందని తెలిసినోడు, కాటా దగ్గరికి రాకుండానే ఫ్యాను ఆపగలడు."

"పాత మనుషులు శానా మంది ఉంటారు," అన్నాడు దొరస్వామి. గొంతులో మునుపటి బిగువు లేదు. "పని మానేసినోళ్లు, మెకానిక్కులు... అందరికీ తెలిసుండొచ్చు."

"షీటు మార్చే లాగిన్ అందరికీ ఉండదు గదా."

కోమలి మళ్లీ ఫోన్ తెరిచింది. హేమశ్రీ పేజీలో మూడు మీటర్లు ఉన్నాయి. మొదటిది తీసుకున్న క్యాన్లు. రెండోది చెడిపోయినవి. మూడోదాన్ని కోమలి పొద్దుట్నుంచి పట్టించుకోలేదు. దాని పేరు బోణి.

దాన్ని తాకింది. నిన్నటి తేదీ. సెంటర్లన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికీ ఎదురుగా ఒకటి. పూతలపట్టుకు ఎదురుగా రెండు.

"మునికుమార్, బోణి అంటే?"

"స్వామి లీటరు మేడం." బేడీ ఉన్న చేతినే ఎత్తి దండం పెట్టాడతను. "పొద్దున కాటా తెరవంగానే ముందు ఏడుకొండలవాడి పేరు మీద ఒక లీటరు కొడతాము. సభ్యుల్లో మొదటి నంబరు ఆయనదే. పాలు పొయ్యము, ఊరికే ఎంట్రీ. తర్వాతే మిగతావి. కాటా మీద కూర్చున్నోళ్లందరికీ అదే అలవాటు. అది కొట్టకపోతే చెయ్యాడదు."

"ఎన్నిసార్లు కొడతారు?"

"దినానికి ఒకసారే. బోణి ఎవురన్నా రెండుసార్లు చేస్తారా?"

"హేమశ్రీ కొట్టేదా?"

"యాడిది మేడం. ఆయమ్మ నవ్వేది మమ్మల్ని సూసి. మీ దేవుడి లీటరుతో నా సగటు తప్పుతాది అనేది. వద్దని మాత్రం అనలే. ఎవురు ఎంత పొద్దున్నే సెంటర్ తెరుస్తారో దాంతో కనుక్కుంటానని చెప్పింది ఒకసారి."

కోమలి ఆ రెండు అంకె మీద వేలు పెట్టింది. వివరాలు తెరుచుకున్నాయి. ఆమె చదివి, ఫోన్‌ను దొరస్వామికి ఇచ్చింది.

"మీరే చదవండి సార్."

దొరస్వామి కళ్లజోడు పెట్టుకున్నాడు. "మొదటిది ఐదూ యాభై. లాగిన్ మునికుమార్." ఆగాడు. "రెండోది ఎనిమిదీ నలభై. లాగిన్..."

"చెప్పండి."

"హేమశ్రీ."



"మీ లెక్కలో ఆమె ఏడూ పదికే చచ్చిపోయింది," అంది కోమలి ఫోన్ వెనక్కి తీసుకుంటూ. "ఎనిమిదీ నలభైకి బోణి ఎట్ల కొట్టింది? మీ ట్యాబ్‌లో షీటు తెరిచి చూడండి, స్వామి లీటరు ఎన్నుంది?"

దొరస్వామి చూశాడు. "ఒకటే ఉండాది."

"రెండోది కొట్టి చెరిపేసినారు. షీటులో చెరిగిపోతుంది. మీటరు వెనక్కి తిరగదు. శవం బయటపడక ముందే, హేమశ్రీ ల్యాప్‌టాప్‌తో ఎవరో ఈ సెంటర్ షీటు తెరిచినారు. ఆ అరగంట ఎంట్రీలు తీసేసి గుంత చేసేదానికి. కానీ షీటు తెరవంగానే చెయ్యి దానంతట అదే స్వామి లీటరు కొట్టేసింది. ఏళ్ల తరబడి కాటా మీద కూర్చున్న చెయ్యి సార్ అది. తెలివొచ్చి చెరిపినాడు. మునికుమార్, మీకు ఈ అలవాటు నేర్పింది ఎవరు?"

మునికుమార్ పాత స్టార్టర్ వంక చూశాడు. 

"బాలసుబ్రమణ్యం సార్."

దొరస్వామి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. నిన్న ఆ గుంతను వేలు పెట్టి చూపించి, వాడు మంచోడే సార్, ఏం బుద్ధి పుట్టిందో అని నిట్టూర్చిన మనిషి ముఖం ఆయనకు గుర్తొచ్చి ఉండాలి.

"ఆ నాకొడుకు నా చేతనే..." అంటూ మాట మింగేశాడు. "బేడీ తియ్యండ్రా వాడికి. ఆ ముసలమ్మను లోపలికి రానియ్యండి."

కానిస్టేబుల్ తాళంచెవి వెతుక్కుంటున్నాడు. కోమలి చేతిలో ఫోన్ మళ్లీ వెలిగింది. బోణి పేజీ ఇంకా తెరిచే ఉంది. అది ఈరోజు తేదీకి మారి, తనంతట తానే కదిలింది.

అన్ని సెంటర్ల ఎదురుగా ఒకటి. పాకాలకు ఎదురుగా రెండు.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. పొద్దుటి పాలు ఎప్పుడో ట్యాంకరెక్కి వెళ్లిపోయాయి. ఈ వేళకు పాకాలలో బోణి చేయాల్సిన వాళ్లు ఎవరూ లేరు.

"సార్," అంది కోమలి. "ఆయన చిత్తూరు పోలేదు. పాకాల షీటు తెరిచినాడు. అమల లెక్క పెట్టిన చెడు క్యాన్లను తుడిచేస్తా ఉండాడు."

"తుడిచినా సాక్ష్యం చెప్పేదానికి ఆ అమ్మాయి ఉంది గదా," అన్నాడు దొరస్వామి. అన్నాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొరస్వామి జీపు వైపు పరుగెత్తాడు.

కోమలి అతని వెనకే పరుగెత్తుతూ అమల నంబరు నొక్కింది. ఆ పేరు తన నోటితోనే బయటికి వచ్చింది. రెండోసారి మోగాక అమల ఎత్తింది.

"మేడం, మీకే చేద్దామనుకుంటాండా," ఆమె గొంతు మామూలుగానే ఉంది. వెనక ఫ్యాను గుర్రుమంటోంది. పాకాలలో కూడా అదే పాత తొట్టి, అదే ఫ్యాను. "మేనేజర్ సార్ ఫోన్ చేసినాడు. మెకానిక్ వస్తాడంట, తొట్టి మూత ఎత్తి పెట్టమన్నాడు. వాచ్‌మన్‌ను అన్నానికి పంపించమన్నాడు. పంపించేసినా."

"అమలా, నేను చెప్పింది విను. ఏమీ అడగొద్దు. ఫోన్ పెట్టకుండా రోడ్డు మీదికి పో. జనం ఉండే చోటికి పో."

"ఎందుకు మేడం? ఏమయింది?"

"తొట్టి దగ్గర ఉండొద్దు. నడువు."

"ఈడ ఎవురూ లేరు మేడం, నేనొక్కదాన్నే. ఉండండి, చెప్పులు యాడ..."

జీపు కదిలింది. ఇంజను హోరులో సరిగా వినిపించడం లేదు. కోమలి ఒక చెవి మూసుకుని, ఫోన్‌ను ఇంకో చెవికి అదిమి పట్టింది. అమల అడుగుల చప్పుడు, ఆ వెనక గుర్రుమనే శబ్దం.

ఆ శబ్దం ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుండాది మేడం," అంది అమల. "కాదే, లైటు ఎలుగుతానే ఉండాదే."